బైండు చేయిస్తే మార్కు తగ్గాలా?

రావులపాలెం అరటి మార్కెట్‌లో గెల రేటు కంటిచూపుతోనే తేలిపోతుంది. పాత చందమామ చేతికొస్తే అలా కుదరదు. ముఖచిత్రం మీదికి మనసు పోతున్నా, ముందు పిన్నులు చూడాలి.

గౌతమి ఒడ్డు చెమ్మకు పిన్ను తుప్పు పడుతుంది. దాని చుట్టూ కాగితం మరకలెక్కి, చివరికి నడిమి పేజీలు ఊడొస్తాయి. కాబట్టి తరవాతి పని పేజీల లెక్క. ఆ పైన కాగితం రంగు. చౌక గుజ్జు కాగితంలోని లిగ్నిన్ వెలుతురుకీ గాలికీ పసుపెక్కిపోతుంది, ఆమ్లం దాన్ని పెళుసు చేస్తుంది. తిరగేస్తుంటే మూలలు రాలుతున్నాయంటే సేకరించేవాళ్లు కొనరు, చదువుకునేవాళ్లు కొంటారు.

అమెరికాలో ఈ పనికి పెద్ద తతంగమే ఉంది. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో కామిక్స్ ధరల పుస్తకం మొదలుపెట్టాడు. 2000లో వచ్చిన సీజీసీ సంస్థ ఒక్కో ప్రతికి పదికి ఇన్నని మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో మూసేసి ఇస్తుంది. ఇక చదవడానికి లేదు! 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ఒకటి పదికి 9 తెచ్చుకుని, 2014లో 32 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అన్నట్టు, ఆ కొలతలో ‘గుడ్’ అంటే పదికి రెండే.

ఆ కొలతే మనకూ పెడితే చిక్కంతా బైండు దగ్గర. 1947 జులైలో మొదలైన చందమామను ఎన్నో ఇళ్లలో ఏడాదికో సంపుటంగా కుట్టించుకున్నారు. వారపత్రికలకైతే ఆ మర్యాద కూడా దక్కలేదు. సీరియల్ పేజీలు చింపి బైండుకిచ్చి, మిగతాది పొట్లాలకు తోలేశారు. బైండరు అంచులు కోస్తాడు, కుట్టుకు రంధ్రాలు పొడుస్తాడు, ఒక్కోసారి ముఖచిత్రాలూ తీసేస్తాడు. సీజీసీ లెక్కలో ఇవన్నీ లోపాలే.

1986 ఆగస్టు వరద చూసిన ఈ ప్రాంతంలో, ఏటా వానాకాలం ఉక్కలో, విడి సంచిక ఎన్నాళ్లు నిలుస్తుంది? కాలికో అట్ట చెమ్మను కొంత ఆపింది. మైదా జిగురులో కలిపిన మైలుతుత్తం పురుగును ఆపింది. 1924లో పుట్టిన ‘భారతి’ లాంటి పత్రికల్ని గ్రంథాలయాలు దాచుకున్నదీ బైండు చేయించే. అంచు కోసినందుకు మార్కు తగ్గించండి, కాదనేదేముంది? కానీ వడ్డాది పాపయ్య ముఖచిత్రాలతో, ప్రకటనలతో సహా పన్నెండు నెలలూ ఉన్న సంపుటానికి వేరే మార్కు ఉండాలి. ఆ రోజుల్లో ఏ సబ్బు అమ్మారో, ఏ టానిక్కు తాగమన్నారో చెప్పేవి ఆ ప్రకటనలే.

అన్నిటికన్నా చెడ్డపని, విడిగా అమ్మితే ఎక్కువొస్తుందని బైండు విప్పేయడం. కోసిన అంచు తిరిగి రాదు, ఏడాది వరస కూడా పోతుంది. అలా విప్పినవాటిని కొత్త పిన్నులు కొట్టి, అసలు సంచికలంటూ అమ్మేవాళ్లూ ఉంటారు. కొనేముందు మడత దగ్గర పేజీని వెలుతురుకు పట్టి చూస్తే పాత కుట్టు రంధ్రాలు కనిపిస్తాయి.