నిజాము రాజ్యము – మధ్యయుగ భావన
యూరపు మధ్యయుగ సమాజమును నిలుపుకొన్న ఆధునిక దేశమును ఊహించువారికి నిజాము రాజ్యము దృష్టాంతముగా తోచును. నేటి నార్సింగి చేరువ 1920లో ఉస్మాన్‌సాగర్ జలాశయము పూర్తియైనది. జాగీరులు మాత్రము 1949 వరకు నిలిచినవి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955) నవలలోని దొర పెత్తనమును గూడ మధ్యయుగ శేషమనవచ్చును. కాని యీ పోలిక సగమే సత్యము. 19వ శతాబ్దిలో సాలార్‌జంగు తెచ్చిన రెవెన్యూ సంస్కరణలచే వసూలు హక్కు కోల్పోయిన దేశముఖులు పరిహారముగా రుసుములు పొందిరి. పెక్కురు భూములను తమపేర పట్టా చేయించుకొనిరి. అనగా దొరను పెంచినది పాత ఆచారము మాత్రమే కాదు, కొత్త దస్తరము కూడ. వెట్టిని కేవలము మధ్యయుగమునకు అంటగట్టినచో ఆధునిక ప్రభుత్వము నిర్దోషియగును. ఆ నవలను పరిశీలించు విమర్శకుడు ఈ తీర్పును అంగీకరింపరాదు.