కులశీలాలు అడగని గది

ఊరూ పేరూ తెలియని ఇద్దరి కోసం సిద్ధమవుతున్న చిన్న గదీ, ముందు నీకు దండం.

నిన్నమొన్నటి వరకు నువ్వు ఇస్త్రీ బల్లకూ, ఖాళీ సూట్‌కేసులకూ, ఇండియా నుంచి మోసుకొచ్చిన ఆవకాయ సీసాలకూ నిలయానివి. ఇవాళ నిన్ను ఖాళీ చేశారు, ఊడ్చారు, తుడిచారు. బయట ఒట్టావా నవంబరు ఆకులన్నీ రాల్చుకుని నిలబడింది. రిడో కాలువలో నీళ్ళు దించేశారు. చలి ముదిరి గడ్డ కడితే ఆ కాలువ మీదే జనం స్కేటింగ్ చేస్తారు. లోపల ఫర్నెస్ గుర్రుమంటోంది. నేల మీద వేడిగాలి వచ్చే జాలీ పక్కన పాత ఉన్ని శాలువా మడతపెట్టి ఉంది. రేపు మధ్యాహ్నం నుంచి దాని మీద మాకు హక్కు లేదు.

వచ్చేవి రెండు పిల్లులు. ఒకటి బూడిదరంగు చారలది, ఒకటి కటిక నలుపు. తల్లీకూతుళ్ళో, అక్కాచెల్లెళ్ళో, రోడ్డు కలిపిన నేస్తాలో షెల్టర్ కాగితాల్లో లేదు. ఒకే బోనులో ఒకదాని మీద ఒకటి తల వాల్చి పడుకుంటాయి గనక విడదీయవద్దని మాత్రం రాశారు. వయసు దగ్గర ‘సుమారు’ అని ఉంది. పూర్వాశ్రమం దగ్గర ఖాళీ. మెడ వెనక చర్మం కింద బియ్యపుగింజంత చిప్, అందులో 15 అంకెల సంఖ్య: గోత్రమన్నా ప్రవర అన్నా అదే. నల్లదాని చెవుల కొనలు గుండ్రంగా ఉన్నాయి. పుట్టుకతో అలా లేవు. ఆరుబయట గడిపిన ఏదో చలికాలంలో మంచు కొరికేసింది. తన గతం గురించి అది వెంట తెచ్చుకుంటున్న సాక్ష్యం ఆ చెవులే.

ఇలాంటివాళ్ళ గురించే హితోపదేశం మనల్ని హెచ్చరించింది. దీర్ఘకర్ణుడనే పిల్లి జరద్గవుడనే ముసలి గద్దకు తీపి మాటలు చెప్పి చెట్టుతొర్రలో చేరింది, పక్షిపిల్లల్ని ఒక్కొక్కటిగా తిని జారుకుంది. నింద గద్ద మీద పడి దాని ప్రాణం పోయింది. కులమూ శీలమూ తెలియనివాడికి ఇంట చోటివ్వకూడదని ఆ కథ నీతి. తరతరాలుగా పిల్లల చేత వల్లె వేయించిన నీతి. ఎనిమిదడుగుల వెడల్పు కూడా లేని గదీ, ఆ నీతికి నువ్వు ఎదురు నిలిచావు. అందుకే నీకు స్తోత్రం.

పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళంటారు. నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే మోస్తుంది. ఏడిళ్ళు మారినా ఒక్క కూననూ వదిలేసి పోదు. మనుషులకు ఒక్క ఇల్లు మారడం చాలు. ఇక్కడికి రెండు గంటల దూరాన మాంట్రియల్ ఉంది. ఆ ఊరున్న క్యూబెక్‌లో ఇళ్ళ అద్దె ఒప్పందాలు ఎక్కువగా జూన్ 30తో ముగుస్తాయి, జూలై 1న ఊరు ఊరంతా సామాన్ల లారీలే. వీధి వారన వదిలేసిన పాత సోఫాలతో పాటు పెంచిన జంతువులూ మిగిలిపోతాయి. జంతువులపై క్రూరత్వాన్ని ఆపడానికి ఈ దేశంలో తొలి సంఘం పుట్టింది ఆ మాంట్రియల్‌లోనే, 1869లో, కెనడా సమాఖ్య ఏర్పడిన రెండేళ్ళకు. ఏటా ఆ జూలై తాకిడిని తట్టుకునేదీ ఆ సంఘమే.

మా ఊరికీ ఒక పిల్లుల చరిత్ర ఉంది. గుట్ట మీది పార్లమెంటు భవనాల నేలమాళిగల్లో ఎలుకలు పట్టే కొలువు 1955 వరకు పిల్లులదే. తర్వాత రసాయన మందులు వచ్చాయి, కొలువు పోయింది. కొలువు పోయినా అవి గుట్ట దిగలేదు. 1970లలో ఇరేన్ డెజోర్మో అనే ఆవిడ వాటికి తిండి పెట్టడం మొదలుపెట్టింది. 1987 నుంచి రెనే షార్ట్రాన్ అనే పెద్దాయన ఆ బాధ్యత తలకెత్తుకుని 2008 దాకా మోశాడు. ఒట్టావా నది ఒడ్డున, దేశానికి చట్టాలు చేసే చోట, పిల్లుల కోసం చిన్న చిన్న చెక్క ఇళ్ళు వెలిశాయి. ప్రభుత్వాలు పడ్డాయి, లేచాయి. ఆ ఇళ్ళ ముందు గిన్నెలు నిండుతూనే వచ్చాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడంతో మంద ఏటేటా తగ్గింది. 2013 మొదట్లో చివరి పిల్లుల్ని కూడా ఎవరో ఇళ్ళకు తీసుకెళ్ళాక ఆ పేట మూతపడింది. ఒక పేట ఖాళీ అయితే పండగ చేసుకోదగ్గ సందర్భాలు చాలా తక్కువ. అది అలాంటిది.

ఇంటిని సిద్ధం చేయడం తీసేయడంతో మొదలవుతుంది. బీరువాలో పట్టుచీరల మడతల్లోంచి కలరా ఉండలు పోయాయి. అవి పిల్లికి విషం. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో బిళ్ళలు సొరుగులోకి వెళ్ళి తాళం పడింది; మన జ్వరం దించే ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు. కుండీలోని లిల్లీలు పక్కింటికి తరలాయి. వాటి రేకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా, అవి పెట్టిన నీళ్ళు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు చెడిపోతాయి. గరాజ్‌లో యాంటీఫ్రీజ్ డబ్బా పై అరకెక్కింది, కింద కారిన మరక కడిగేశారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాల్ని దెబ్బతీస్తాయి గనక తిరగమోత గరిటె సింకులో ఊరికే పడి ఉండటానికి వీల్లేదు. పూలు గుచ్చిన దారం, నోము తోరం, చీర కుచ్చుల పోగు, సూదిలోంచి జారిన పోగు: అన్నీ డబ్బాలోకి వెళ్ళి మూత పడ్డాయి. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలికి వంగి ఉంటాయి. నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేదు, మింగుతుంది; అది పేగుల్ని కుచ్చిళ్ళు పెట్టి లాగేస్తుంది. బట్టలారబెట్టే డ్రయ్యర్ మీద పెద్దమ్మాయి చీటీ అంటించింది: ‘లోపల చూశాకే తిప్పాలి.’ ఇన్నేళ్ళూ నిశ్చింతగా తిరిగిన ఇల్లు జానెడు ఎత్తు నుంచి చూస్తే ఎన్ని గండాలతో నిండి ఉందో మోకాళ్ళ మీద పాకినవాళ్ళకే తెలుస్తుంది.

తీసేశాక పెట్టడం. రెండు పిల్లులకు మూడు లిట్టర్ డబ్బాలు. తలకొకటి, పైన ఒకటి అదనం. ఏదీ ఇంకోదాని దయ కోసం కాచుకోకూడదు. తిండి గిన్నెలు ఒక మూల, లిట్టర్ ఎదుటి మూల, నీళ్ళు ఇంకో పక్క. ఎంగిలి, శుభ్రం విషయంలో మడి కట్టుకున్న నాయనమ్మలకు ఎంత పట్టింపో వీటికీ అంతే. గోళ్ళు గీరుకోవడానికి నారతాడు చుట్టిన స్తంభం, వెనక కాళ్ళ మీద లేచి ఒళ్ళంతా సాగదీసుకునేంత ఎత్తు. పిల్లి గోరు వేలి చివరి ఎముకను అంటి పెరుగుతుంది; గోళ్ళు తీయించడమంటే ప్రతి వేలి కొసా కోసేయడమే. నోవా స్కోషియా పశువైద్యులు 2018లో ఆ పని మానుకున్నారు. ఈ దేశంలో దాన్ని నిషేధించిన తొలి ప్రావిన్స్ అదే. కొద్ది నెలల్లో బ్రిటిష్ కొలంబియా ఆ దారి పట్టింది. సోఫా కోసం వేళ్ళు అడగకూడదని వైద్యులు ఒప్పుకున్నారు. ఇక సోఫా ఒప్పుకోవాలి.

ఓ అట్టపెట్టె, నీ దగ్గర కాసేపు ఆగాలి. బ్రిటిష్ కొలంబియా జంతు సంరక్షణ సంఘం (ఎస్‌పీసీఏ) వాళ్ళు నీకో అవతారం ఇచ్చారు. షెల్టర్ బోనులో ఉన్నన్నాళ్ళూ లోపల దాక్కోవడానికి గుహ, పైన ఎక్కి కూర్చోవడానికి అరుగు. ఇంటికి వెళ్ళే రోజున అదే మడతలు మార్చుకుని మోసుకెళ్ళే పెట్టె అవుతుంది. కొత్త ఊళ్ళో పిల్లికి తెలిసిన వాసన ఏదైనా ఉంటే అది ఆ అట్టకు పట్టిన తన వాసనే. 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు షెల్టర్‌కు కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టెలిచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశారు. పెట్టె దొరికినవి త్వరగా కుదుటపడ్డాయి. దాక్కోవడానికి చోటు ఉన్నప్పుడే బయటికి రావాలనిపిస్తుంది. ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు నెత్తిన పెట్టుకున్నవాళ్ళకు ఇల్లంటే నాలుగు పక్కలూ ఒక ద్వారమూ అని గుర్తుచేసే గురువా, నీకు రెండు దండాలు.

వంటింటికీ ఒక నమస్కారం. గుడ్డు కూడా గడప దాటి రాని వంటిల్లు ఇది. ఇప్పుడు కందిపప్పు డబ్బాల కింది అరలో చేపల డబ్బాలు, కోడిమాంసం డబ్బాలు బారులు తీరాయి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే చూపు పోతుంది, గుండె నీరసిస్తుంది. మన నియమాన్ని వాళ్ళ విస్తట్లో వడ్డించకుండా, వాళ్ళ ధర్మానికి మన అరలో చోటివ్వడమే అతిథి మర్యాద. పాలు మాత్రం పొయ్యం. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు. కాగిన పాలతో మూతి కాల్చుకుని, రాయలవారి ముందు పాలగిన్నె కనబడగానే లంఘించి పారిపోయిన తెనాలి రామకృష్ణుడి పిల్లి, కారణం ఏదైనా, ఒంటికి మంచి పనే చేసింది.

అన్నీ అమర్చాక మిగిలేది ఊరుకోవడం. అమర్చడం కంటే కష్టమైన పని. షెల్టర్ వాళ్ళు మూళ్ళ లెక్క చెబుతారు: బెదురు తీరడానికి మూడు రోజులు, ఇంటి వేళలు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. అవి పంచాంగంలో రాసిన ముహూర్తాలు కావు. ఏ పిల్లి వ్యవధి దానిది. వీడియో కాల్‌లో పిన్నికి చూపించడానికి పెట్టెలోంచి బయటికి లాగకూడదు. చూసిపోదామని వచ్చే చుట్టాలకు కాఫీ ఇచ్చి హాల్లోనే కూర్చోబెట్టాలి. చూడటం కూడా కొత్తగా నేర్వాలి, కన్నార్పకుండా చూస్తే పిల్లికి అది కయ్యానికి పిలుపు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలో మన సామెత దొంగను చూసింది. 2020లో ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ మూసే కళ్ళనే ఓపిగ్గా గమనించారు. మనిషి నెమ్మదిగా రెప్పలు వాల్చి తెరిస్తే పిల్లీ అలాగే బదులిస్తుంది, అలా పలకరించిన కొత్త మనిషి చాచిన చేతి దగ్గరికి రావడానికి మొగ్గుతుంది. రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో అందరూ ఒకరికొకరు మెల్లగా రెప్పలు వాలుస్తూ సాధన చేస్తున్నారు. నవ్వు ఆపుకోలేక చిన్నవాడికి పొలమారింది.

శరణాగతిని శ్రీవైష్ణవులు రెండు న్యాయాలుగా చెబుతారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకుంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరిచి మోసుకుపోతుంది. ఈ రెండోది మార్జాల కిశోర న్యాయం. గదీ, నీలో ఆ న్యాయం తిరగబడుతుంది. నేల మీద చతికిలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏ ప్రయత్నమూ చేయకుండా కూర్చోవలసింది మనిషి. ఎన్నుకునేది పిల్లి. దయ కలిగిన రోజున వచ్చి బుగ్గ తెచ్చి మోకాలికి రాస్తుంది, బుగ్గలోని గ్రంథుల వాసన అంటించి తనవాళ్ళలో కలుపుకుంటుంది. మన సమాశ్రయణం, అంటే మన వైష్ణవ దీక్ష, ఆ రోజు.

రండర్రా మరి. మంచు కొరికిన చెవులతో నల్లమ్మా రా, చారల చెల్లీ రా. ఎవరి పిల్లలని అడగం. ఏ వీధిలో తిరిగారని, ఎవరు వదిలేశారని, ఎందుకు వదిలేశారని అడగం. మా ఒళ్ళో కూర్చోవాలని షరతు లేదు, ఎలుకలు పట్టాలని కొలువు లేదు.

ఇక ఫలశ్రుతి. ఇలా గది సిద్ధం చేసినవారికి ప్రతి కోటు మీదా వెంట్రుకలు సిద్ధించును. ఫిబ్రవరి పొడిగాలిలో నిమరబోయిన వేలికీ పిల్లి ముక్కుకూ నడుమ చిటుక్కున మెరుపు మెరియును. తెల్లవారుజామున ఐదింటికి గుండెల మీద బరువు, చెవిలో గుర్రుగుర్రు ప్రాప్తించును. ఇండియా ప్రయాణం తలపెట్టిన ప్రతిసారీ టికెట్ల కంటే ముందు పిల్లుల్ని ఎవరింట్లో ఉంచాలన్న చింత కలుగును. పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి కాసిన్ని నీళ్ళు తాగి బయల్దేరిన వంశంలో, పదిహేనేళ్ళ పాటు రోజూ పొద్దున నల్లపిల్లి ఎదురుగా వచ్చును. రోజూ పనికి వెళ్ళి రోజూ క్షేమంగా ఇల్లు చేరుదురు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళన్న మాట మాత్రం ఆ ఇంటి వాళ్ళు ఏడు తరాల దాకా పడరు.