స్లైడు చదివే పని

వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి నగరం పిల్లలే కాదు, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పల్లెల పిల్లలు కూడా వస్తారు. "తిన్నది ఒంటికి వడ్తలేదు సార్, కడుపు ఉబ్బుతున్నది, మొకం తెల్లవడ్డది" అని తల్లులు చెప్పుకుంటారు. ఈ మాటల వెనక కారణాలు చాలా ఉండొచ్చు. కడుపులో పురుగులేమో తేల్చుకోవాలంటే డాక్టరు చీటీ మీద రాసేది మోషన్ టెస్టు. రక్తకణాలు లెక్కపెట్టడానికి ఇప్పుడు యంత్రాలున్నాయి. మల పరీక్ష మాత్రం మన దగ్గర ఇంకా మనిషి కంటి మీదే నడుస్తోంది. ల్యాబుల్లో దీన్ని చిన్న పనిగా చూస్తారు. నేనైతే అక్కడి పనులన్నిటిలో దీనికే పెద్దపీట వేస్తాను.

పని డబ్బీ ఇచ్చేటప్పుడే మొదలవుతుంది. "ఒంటేలు కలవనియ్యకమ్మా, నేల మీదికెళ్లి తియ్యకు" అని తల్లికి అర్థమయ్యేలా చెప్పడం టెక్నీషియన్ నేర్పులో మొదటి భాగం. మూత్రం తగిలితే బతికున్న సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నేల మట్టి కలిస్తే అందులో స్వేచ్ఛగా తిరిగే పురుగుల పిల్లలు స్లైడెక్కి తప్పుదోవ పట్టిస్తాయి. నీళ్ల విరేచనమైతే అరగంట లోపల చూడాలి.

తర్వాత ఒకే గాజుపలక మీద రెండు చుక్కలు వేస్తారు. ఒకటి ఉప్పు ద్రావణం, రెండోది అయోడిన్. అగ్గిపుల్ల మొనంత మలం తీసి ముందు ఉప్పు ద్రావణంలో, తర్వాత అయోడిన్‌లో కలపాలి. ఈ వరస తప్పకూడదు. పుల్లకు అంటిన అయోడిన్ మొదటి చుక్కలోకి వెళ్తే అక్కడ కదలాల్సినవి కదలకుండా పోతాయి. మొదటి చుక్కలో చలనం చూడాలి, రెండో చుక్కలో లోపలి కేంద్రకాలు లెక్కపెట్టాలి. పూత ఎంత పలచగా ఉండాలంటే, స్లైడు కింద దినపత్రిక పెడితే అక్షరాలు చదవగలగాలి. పైన కప్పే సన్నటి గాజుబిళ్లను ఏటవాలుగా ఆనించి మెల్లగా వాల్చాలి, లేకపోతే గాలిబుడగలు చేరతాయి.

కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది వెలుతురు దగ్గర. బాగా కనబడాలని మైక్రోస్కోపు దీపం పెంచేస్తారు. కొంకిపురుగు (హుక్‌వార్మ్) గుడ్డుకు రంగుండదు, పెంకు సన్నం. ఎక్కువ వెలుగులో అది కళ్లెదుటే మాయమవుతుంది. అనుభవం ఉన్న చెయ్యి కండెన్సర్‌ను కిందికి దించి, వెలుతురు తగ్గించి, గుడ్డు అంచు తేలేదాకా సర్దుతుంది. ముందు పది రెట్ల కటకంతో గాజుబిళ్ల ఒక మూల నుంచి మొదలుపెట్టి, దుక్కి దున్నేవాడు చాలు పక్కన చాలు తోలినట్టు, ఏ చోటూ వదలకుండా చివరిదాకా పోవాలి. అనుమానం వచ్చిన చోట నలభై రెట్ల కటకం తిప్పాలి.

ఏలికపాము గుడ్డు దొరకడం సులువు. ఆడ పురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది కాబట్టి కడుపులో ఒక్కటున్నా స్లైడు మీదికి వస్తుంది. పైత్యరసం పట్టిన గోధుమరంగు, చుట్టూ ఎగుడుదిగుడు పొర. కొంకిపురుగు అంత ఉదారంగా గుడ్లు పెట్టదు. అందుకే మామూలు పూతలో ఏమీ కనబడకపోతే చిక్కటి ఉప్పునీళ్లు వాడతారు. చిన్న సీసాలో మలాన్ని ఆ నీళ్లలో కలిపి, అంచుదాకా నింపి, మీద గాజుపలక ఆనించి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేస్తే తేలికైన గుడ్లు పైకి తేలి పలకకు అంటుకుంటాయి. దీనికయ్యే ఖర్చు గుప్పెడు ఉప్పు. ఫలదీకరణ జరగని ఏలికపాము గుడ్లు మాత్రం బరువెక్కువై తేలవు, అందుకని ఈ పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

నాకు అన్నిటికన్నా అబ్బురం కలిగించే ఘట్టం వేరే ఉంది. మన ఎండాకాలంలో నిన్నటి డబ్బీ బల్ల మీద ఉండిపోతే కొంకిపురుగు గుడ్లు లోపలే పొదిగి పిల్లలు బయటికొస్తాయి. స్ట్రాంజిలాయిడిస్ అనే మరో పురుగైతే మలంలో గుడ్డుగా కాక పిల్లగానే కనిపిస్తుంది. చూడ్డానికి ఈ రెండు రకాల పిల్లలూ ఒకటే. ఆ వెంట్రుకవాసి జీవి తలవైపు కటకం తిప్పి, నోటి గొట్టం పొడుగ్గా ఉంటే కొంకిపురుగు, పొట్టిగా ఉంటే స్ట్రాంజిలాయిడిస్ అని టెక్నీషియన్ తేలుస్తాడు. రెండింటికీ వైద్యం ఒకటి కాదు కాబట్టి ఆ కొలతలో పొరపాటుకు తావులేదు.

కనిపించినవన్నీ పురుగులూ కావు. పూల పుప్పొడి, మొక్కల నూగు, గింజల పొట్టు, కొవ్వు బొట్టు, గాలిబుడగ అన్నీ గుడ్డు వేషంలో వస్తాయి. అనుమానం ఉంటే పుల్ల మొనతో గాజుబిళ్లను మెత్తగా నొక్కుతారు. లోపలిది దొర్లి మరో పక్క చూపిస్తుంది. గుడ్డయితే ఎటు దొర్లినా దాని పెంకు, లోపలి గుజ్జు దాని లెక్కలోనే ఉంటాయి.

ఇంత కష్టం ఎందుకు, అందరికీ మాత్ర వేస్తే సరిపోదా అని అడగొచ్చు. మాత్ర వేస్తూనే ఉన్నారు, వేయాలి కూడా. 2015లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం మొదలైంది. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల దాకా పిల్లలకు ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్ర, ఆపైన 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర. పసివాళ్లకు గొంతుకు అడ్డుపడకుండా రెండు చెంచాల మధ్య పొడిచేసి నీళ్లలో కలిపి పట్టే అంగన్‌వాడీ టీచరు పనితనం కూడా మెచ్చుకోవలసిందే. కానీ ఆ ఒక్క మాత్ర ఏలికపాము మీద పనిచేసినంతగా విప్ వార్మ్ అనే పురుగు మీద పనిచేయదు. జియార్డియా అయితే అసలు పురుగే కాదు, ఏకకణ జీవి. ఒక్క మోతాదుతో అది పోదు. వారాల తరబడి జిడ్డు విరేచనాలతో పిల్ల చిక్కిపోతున్నప్పుడు, ఉప్పు ద్రావణంలో పల్టీలు కొడుతూ కదిలే జియార్డియానో, అయోడిన్‌లో పొర కప్పుకున్న దాని నాలుగు కేంద్రకాల సిస్టునో పట్టిచ్చేది ఈ కన్నే.

గుడ్ల లెక్క కావలసి వచ్చినప్పుడు పని ఇంకా కట్టుదిట్టంగా ఉంటుంది. జపాన్‌లో కాటో మొదలుపెట్టిన పద్ధతిని 1972లో బ్రెజిల్‌లో కాట్జ్ బృందం తీర్చిదిద్దింది. చిల్లు ఉన్న చిన్న పలకతో సరిగ్గా 41.7 మిల్లీగ్రాముల మలం కొలిచి, గ్లిజరిన్‌లో నానిన సెల్లోఫేన్ కప్పి, కనిపించిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో తెలుస్తుంది. గ్లిజరిన్ మలాన్ని పారదర్శకం చేస్తూ చేస్తూ కొంకిపురుగు గుడ్లను కూడా కరిగించినట్టు కనబడకుండా చేస్తుంది. కాబట్టి వాటిని అరగంట, గంట లోపే లెక్కపెట్టేయాలి. ఈ అంకెను బట్టి కడుపులో పురుగులెన్నో అంచనా వేస్తారు. దాని విలువ ఎక్కడంటే, ఆంకైలోస్టోమా జాతి కొంకిపురుగు ఒక్కోటి రోజుకు సుమారు 0.15 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. ఐదారు పురుగులను తట్టుకునే పిల్లాడు వంద పురుగులను తట్టుకోలేడు.

రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురదతో ఏడ్చే పిల్లల విషయంలో డబ్బీ పెద్దగా పనికిరాదు. ఆ దురదకు కారణమైన సన్న పురుగులు గుడ్లు పెట్టేది అక్కడి చర్మం ముడతల మీద. పొద్దున లేవగానే, కడగకముందే, పారదర్శకమైన సెల్లోటేపు అక్కడ అంటించి తీసి స్లైడు మీద పరచాలి. ఇక్కడ సగం పని తల్లిదే. ఎలా చేయాలో ఆమెకు ఓపిగ్గా చూపించే టెక్నీషియన్ దొరికితే ఫలితం సరిగ్గా వస్తుంది.

స్లైడు మీద గుడ్డు గట్టితనం చూసినవాళ్లకు వరంగల్ నగరపాలక సంస్థ చేసిన ఒక పని ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఏలికపాము గుడ్లు తడి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, వేడికి మాత్రం చస్తాయి. సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాలను ఎక్కడపడితే అక్కడ పారబోయకుండా 2016లోనే ఈ నగరం నిబంధనలు తెచ్చుకుంది, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం పెట్టుకుంది. పిల్లల కడుపుల్లోకి దారి అక్కడ మూసుకోవాలి.

ఇక రిపోర్టు. మంచి టెక్నీషియన్ అందులో మలం గట్టిగా ఉందా, జారుగా ఉందా, జిగట, రక్తం ఉన్నాయా అన్నీ రాస్తాడు. ఏమీ దొరక్కపోతే "పురుగులు లేవు" అని తీర్పు చెప్పడు. ఈ నమూనాలో కనిపించలేదని మాత్రమే రాస్తాడు. జియార్డియా ఒకరోజు కనబడి రెండు రోజులు కనబడకుండా ఉండగలదు. అందుకే తల్లి చేతికి ఇంకో డబ్బీ ఇచ్చి ఎల్లుండి మళ్లీ తెమ్మంటాడు, అప్పుడూ దొరక్కపోతే మూడోసారి కూడా.