చెప్పని షరతు

మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద చింతగింజ దాచి, మా మనవరాలితో మాంటీ హాల్ పజిల్ ఆడాను. తను ఒక గ్లాసు మీద చెయ్యి పెడుతుంది. గింజ ఎక్కడుందో తెలిసిన నేను మిగతా రెంటిలో ఖాళీది ఎత్తి చూపిస్తాను. ఇప్పుడు పట్టుకున్నదాంతోనే ఉండాలా, రెండోదానికి మారాలా? మారితే మూడింట రెండుసార్లు గెలుపే. మొదటి ఎంపిక సరిగ్గా తగిలేది మూడుసార్లలో ఒక్కసారే కదా, తక్కిన రెండుసార్లూ గింజ నేను ఎత్తకుండా వదిలేసిన గ్లాసు కిందే ఉంటుంది.

1990లో 'పరేడ్' పత్రికలో మెరిలిన్ వాస్ సావంత్ ఈ జవాబే రాస్తే దాదాపు 10 వేల ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది ఆమె తప్పన్నారు. అన్నవాళ్లలో గణితం చెప్పే ప్రొఫెసర్లూ ఉన్నారు. ఆమె లెక్క సరైనదే. అయితే పాఠకుడు ఆమెకు పంపిన ప్రశ్నలోనే (అందులో గ్లాసులకు బదులు తలుపులు, గింజకు బదులు కారు) ఒక సందు ఉండిపోయింది. తలుపు తీసే ఆయనకు కారు ఎక్కడుందో తెలుసని ఉంది గానీ, ప్రతిసారీ తలుపు తీసి, మారే అవకాశం ఇచ్చి తీరాలని లేదు. 1991లో, ఈ పజిల్‌కు పేరిచ్చిన టీవీ ఆట నిర్వాహకుడు సాక్షాత్తూ మాంటీ హాలే న్యూయార్క్ టైమ్స్ విలేకరికి ఇది ఆడి చూపించాడు. తప్పు తలుపు ఎంచుకుంటే అదే తెరిచి ఆట ముగించేశాడు. కారున్న తలుపు ఎంచుకున్నప్పుడే మారమని ఆశపెట్టాడు. అలాంటి ఆటలో మారినవాడు ఓడినట్టే.

"తాతయ్యా, ఈసారి నేను ఎత్తుతా!" అంది మనవరాలు. గింజ వాళ్ల నానమ్మ దాచింది. ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు. నేను ఒక గ్లాసు పట్టుకుంటే, తను మిగతా రెంటిలో తోచింది ఎత్తేది. గింజ బయటపడితే "చెల్లదు, మళ్లీ!" అని కేక. 40 ఆటల్లో 14 అలా పోయాయి. మిగిలిన 26లో మారడం వల్ల గెలిచినవి 12.

మూడింట రెండు కావాల్సింది దాదాపు సగానికి ఎందుకు పడిపోయింది? చెల్లకుండా పోయిన ఆ ఆటలన్నీ మారితే గెలవాల్సినవే! కళ్ల ముందు అవే మూడు గ్లాసులు, అదే ఖాళీ గ్లాసు. ఎత్తిన చేతికి తెలుసా లేదా అన్నదే తేడా. నాకు పజిళ్లలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అందుకే ఏ పజిల్ చేతికొచ్చినా లెక్క మొదలెట్టే ముందు, ఎవరు ఏం చేసి తీరాలో అందులో రాసి ఉందా అని వెతుకుతాను.

ఈ ఆదివారం మీ పిల్లలతో రెండు రకాలుగానూ ఆడి చూడండి. చెల్లని ఆటల్ని మాత్రం విడిగా రాసుకోండి.