రికార్డు అట్ట మీద ఖర్చుల లెక్క

పాట ఎవరిదంటే రాసినవాడిదనో పాడినవాడిదనో చెప్పుకోవడం మనకు అలవాటు. రికార్డుల పరిశ్రమలో ఆ జవాబు చెల్లదు. స్టూడియో అద్దె కట్టి, రికార్డులు ఒత్తించి, ప్రచారం చేసి, దుకాణాలకు చేర్చే కంపెనీ చేతిలోనే మాస్టరు టేపు ఉంటుంది. కాబట్టి పాట మీద పెత్తనమూ దానిదే. తిరుగుబాటుకు మారుపేరుగా చెలామణి అయిన సెక్స్ పిస్టల్స్ బృందం 1976లో ఈఎంఐతోనూ, క్లాష్ బృందం 1977లో సీబీఎస్‌తోనూ ఒప్పందం చేసుకున్నాయి. వ్యవస్థను తిట్టే పాటను వ్యవస్థే అమ్ముకుంది. అదే కాలంలో బ్రిటన్‌లో కొందరు రాక్ యువకులు తమ రికార్డులు తామే వేసుకున్నారు. దీన్ని ఉత్పత్తి సాధనాల స్వాధీనంగా కీర్తించేవారున్నారు. ఆ మాటను పరీక్షించకుండా ఒప్పుకోలేం.

మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం 1976 డిసెంబరులో సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి నాలుగు పాటలు రికార్డు చేసింది. 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ పేరుతో మొదట 1,000 ప్రతులు వేశారు. అవి చెల్లిపోగా మళ్ళీ మళ్ళీ వేయవలసి వచ్చింది. ఏ పాటను ఎన్నోసారి పాడినప్పుడు తీసుకున్నారో, దాని మీద ఇంకేం చేర్చారో కూడా అట్ట మీద అచ్చువేశారు. అయితే ఆ ఏడాది ఆగస్టులోనే ఆ బృందం యునైటెడ్ ఆర్టిస్ట్స్ కంపెనీలో చేరింది. సొంత రికార్డు చాలామందికి పెద్ద కంపెనీ గుమ్మం ఎక్కే మెట్టుగానే పనికి వచ్చిందనే విమర్శకు ఇక్కడ ఆధారం ఉంది.

మన చర్చకు అంతకంటే ముఖ్యమైనది స్క్రిటి పొలిటి. గ్రామ్‌షీ రాజకీయ రచనలను గుర్తుచేసే ఇటాలియన్ మాటలను కాస్త వంచి పెట్టుకున్న పేరది. లీడ్స్‌లో చిత్రకళ చదివిన విద్యార్థులు కూడి పెట్టిన బృందం. నాయకుడు గ్రీన్ గార్ట్‌సైడ్ యువ కమ్యూనిస్టు లీగు సభ్యుడుగా ఉన్నవాడు. 1978లో వీళ్ళు వేసుకున్న మొదటి రికార్డు ‘స్కాంక్ బ్లాక్ బొలోనా’. స్కాంక్ అన్నది జమైకా రెగ్గే సంగీతానికి చెందిన మాట. బ్లాక్ గ్రామ్‌షీ చెప్పిన చారిత్రక కూటమి. బొలోనా ఇటలీలో కమ్యూనిస్టు పార్టీ పాలనలో ఉన్న నగరం. 1977 మార్చిలో అక్కడ పోలీసు కాల్పుల్లో ఒక విద్యార్థి చనిపోగా యువకులు వీధుల్లోకి వచ్చారు. ఈ మూడు మాటలనూ ఒకచోట కట్టడంలోనే వాళ్ళ ప్రశ్న ఉంది: పార్టీ అధికారంలో ఉన్నచోట కూడా తిరగబడిన యువతరానికి గొంతు ఏది?

ఆ పాట విన్నవారికి మొదట తట్టేది దాని అతుకులు. గిటారు గీరుతున్నట్టు మోగుతుంది, లయ తూలి మళ్ళీ నిలబడుతుంది. శిల్పం కుదరలేదని తోసిపుచ్చడం తేలిక. కానీ నునుపుదనం కంపెనీ సరుకు లక్షణమైనప్పుడు ఈ గరుకుదనం వస్తువుకు తగిన రూపమే అవుతుంది. అట్ట కూడా అంతే. రికార్డింగు 14 గంటలకు 98 పౌండ్లు, ఒత్తిడి ఖర్చు ప్రతికి 13 పెన్నీలు, అంటూ ఎక్కడ చేయించారో చిరునామాలతో సహా లెక్క అచ్చువేశారు. లేబుళ్ళ మీద రబ్బరు స్టాంపు కొట్టారు. ‘ప్రతులకు’ అని రచయిత ఇంటి చిరునామాతో వెలువడే పుస్తకాలు మనకు కొత్త కావు. కాగితం ధర, ప్రెస్సు బిల్లు, అమ్మకందారు కమీషను మన కవులకు బాగానే తెలుసు. ఆ లెక్కను చివరి పేజీలో వేసి, మీరూ చేయగలరని పాఠకుడికి చెప్పినవారు మాత్రం అరుదు.

అయినా ఆ లెక్కను జాగ్రత్తగా చదవాలి. స్టూడియో అద్దెది. రికార్డు ఒత్తే ఫ్యాక్టరీ పరాయిది. స్వాధీనమైనవి సాధనాలు కావు, వాటిని గురించిన జ్ఞానం. ఇంకో లోపం పెద్దది. లెక్కలో శ్రమ లేదు. ఆ 13 పెన్నీల్లో ఫ్యాక్టరీ కార్మికుడి కూలి ఎంతో కనబడదు. పాడినవారి పనికి వెల కట్టలేదు. లండన్‌లో పాడుబడ్డ ఇంట్లో అద్దె లేకుండా కాపురం ఉండగలిగారు కాబట్టి ఆ పని సాగింది. సరుకు రహస్యాన్ని విప్పబోయిన మార్క్సిస్టు యువకులు దాని మర్మస్థానాన్నే వదిలేశారు.

1980లో జబ్బుపడిన గ్రీన్ ఆ తరువాత మనసు మార్చుకున్నాడు. అంచుల్లో కూర్చుని గీరడం ఒక కులీనతే, జనం వినే పాటలోకి పోవాలి అన్నది అతని వాదం సారాంశం. 1985లో వర్జిన్ కంపెనీ ద్వారా వచ్చిన ‘క్యుపిడ్ అండ్ సైకీ 85’ తళతళలాడే నృత్య సంగీతం. ద్రోహమని ముద్రవేసి ఊరుకోవడం విమర్శ కాదు. కొద్దిమందికే అందే ప్రయోగం మీద అతని అసంతృప్తి నిజమైనదే, మన వచన కవులకూ అది తగులుతుంది. కానీ జనంలోకి పోవడానికి కంపెనీ దారి ఒక్కటే ఉన్నట్టు అతను తేల్చుకున్నాడు. ఈ రికార్డు అట్ట మీద లెక్క లేదు.

మరో దారి ఉందని వాషింగ్టన్‌కు చెందిన ఫుగాజీ బృందం చూపింది. 1987 నుండి 2002 వరకు, సభ్యుల్లో ఒకడైన ఇయాన్ మెకాయ్ 1980లోనే మిత్రుడితో కలిసి పెట్టిన డిస్‌కార్డ్ సంస్థ ద్వారానే రికార్డులు తెచ్చుకుంది. ప్రదర్శన టిక్కెట్టు సాధారణంగా 5 డాలర్లకు మించనీయలేదు. పంపిణీ పట్టు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ బృందాలకు 1991లో తెలిసింది. వాటి సరుకును దుకాణాలకు చేర్చిన రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ ఆ ఏడాది దివాలా తీసింది.

ఇవాళ రికార్డింగుకు 98 పౌండ్లు కూడా అక్కర్లేదు. పడకగదిలో ఒక కంప్యూటరు చాలు. సొంతంగా పాటలు చేసుకునే బృందాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అయితే పంపిణీ మునుపటికంటే తక్కువ చేతుల్లో చిక్కింది. 2024 నుండి స్పాటిఫై, 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రికార్డింగు రాయల్టీ ఇవ్వడం మానేసింది. బజ్‌కాక్స్ మొదటిసారి వేసిన ప్రతులు సరిగ్గా అన్నే. అప్పుడు ప్రతి రికార్డుకూ డబ్బు చేతికి వచ్చింది.