ఇంటర్ రెండేళ్లు ఎక్కడికి పోయాయి?

నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ ఈమధ్య మళ్లీ వరసపెట్టి చదివాను. మూడూ నాకు ఇష్టమైనవే. మాది ఆత్మకూరు. ఇంట్లో మాట్లాడుకునే మాట అచ్చులో కనిపిస్తే చాలు, మెత్తబడిపోయే రకం నేను. అయినా ఈసారి ఒకటి గుచ్చుకుంది. మన జ్ఞాపకాల కతల్లో పిల్లోడు బడికి పోతాడు, అమ్మతో తిట్లు తింటాడు, పండక్కి కొత్తబట్టల కోసం ఏడుస్తాడు. వాడికి పదిహేడేళ్లు ఎప్పుడొచ్చాయో మాత్రం తెలీదు.

‘జుమ్మా’ కతే చూడండి. చిన్నప్పుడు శుక్రవారం నమాజుకు పొమ్మని వెంటపడిన అమ్మ, 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక, అదే నమాజుకు కొడుకును వద్దంటుంది. గొప్ప కత. ఆ పిల్లోడికీ ఈ కొడుక్కీ మధ్య ఏం జరిగిందో ఆ కతకు అవసరం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఏ కతకూ అవసరం లేకపోతే ఎట్లా?

ఆ మధ్యలోనే కదా మా తరం ఉంది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, అంతకుముందు డిగ్రీ చాలనుకున్న ఇళ్లలో కూడా ఇంజినీరింగు మాట మొదలైంది. పది అయిపోగానే పెట్టె సర్దుకుని రెసిడెన్షియల్ కాలేజీల్లో పడ్డాం.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కనిపించకుండా పోయింది. మా మిద్దె ఎక్కితే కనిపించే కొండలవి. దేశమంతా టీవీల్లో మా అడవి కోసం చూస్తుంటే, నేను వేరే ఊళ్లో స్టడీ అవర్‌లో కూర్చుని ఉన్నాను. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయన్నారు. మా గదిలో మొదట లేచిన మాట “అయితే మన ఫీజు సంగతేంది?” అన్నది నేనే. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ వరస ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బాల్యం గురించి రాస్తే మనం ఎప్పుడూ అమాయకులమే. పదిహేడేళ్లవాడు అంత అమాయకుడేం కాదు. పక్క మంచం వాడికి మార్కులు తగ్గితే లోపల సంతోషపడతాడు. అడక్కుండానే ఎదుటివాడి కులం కనుక్కుంటాడు. వాడి గురించి రాయాలంటే ముద్దు సరిపోదు. నామిని ఆ చిన్నతనాన్ని కూడా ముద్దు చేయలేదు, ఇంట్లో దరిద్రాన్ని నవ్విస్తూనే బయటపెట్టాడు. ఆయన్ని చూసి రాసినవాళ్లలో చాలామందికి ఆ నవ్వూ యాసా అబ్బాయి గానీ ఆ తెగువ అబ్బలేదు. అమ్మ, రొట్టె, ఊరిమిండి దగ్గరే ఆగిపోయారు.

ఆ ఖాళీలోకి సినిమా వచ్చి కూర్చుంది. శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ 2007లో వచ్చింది, మేము ఇంజినీరింగు గడప తొక్కకముందే. ఆ క్యాంపస్‌కీ మా కాలేజీకీ పోలికే లేదు. అయినా నా కాలేజీ రోజులు తల్చుకుంటే వెనక ఆ పాటలే మోగుతాయి, ఏం చేసేది! నేను చదివినంతలో, ఫీజు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన పిల్లల నవల ఒక్కటీ తగల్లేదు.

పోయిన వారం హాస్టలు నేస్తుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు సంగతి ఎత్తాను. ఇద్దరు “ఇప్పుడెందుకు, వదిలెయ్ రా” అన్నారు. ఒకడు గ్రూపులో ఏమీ అనలేదు గానీ, రాత్రి పదకొండుకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు.