బొమ్మ ఉత్తరంలోనే ఉంది

వాట్సాప్ వచ్చాక కూడా మా ఆలేరు వైపు చీరల బేరాలు కొన్ని ఈమెయిల్ మీదనే నడుస్తున్నాయి. దూరదేశం బేరగాళ్లు పంపే ఉత్తరంలో అంచు గురించి ఒక మాట, కిందనే అంచు బొమ్మ. కొంగు గురించి ఒక మాట, కిందనే కొంగు బొమ్మ. ఆ వరుస చెదిరితే ఏ రంగు ఎక్కడికో తేలదు. "అన్నా, ఖాళీ డబ్బా కనవడ్తుంది గని బొమ్మ కనవడ్తలేదు" అని నేతగాళ్లు ఫోన్ చేతికిస్తారు. వాళ్ల ఆర్డర్ల ప్రోగ్రాం చూసుకునేవాణ్ణి కాబట్టి ఆ ఖాళీ డబ్బా నాకు బాగా పరిచయం. పంపినవాళ్లు బొమ్మ మరచిపోలేదు. అది ఆ ఉత్తరంలోనే ఉంది.

మెయిల్‌తో బొమ్మలూ పాటలూ పంపే మైమ్ పద్ధతి 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ చేతుల మీదుగా వచ్చింది. అప్పటి మెయిల్ దారులు నమ్మకంగా మోసేది మామూలు ఇంగ్లిష్ అక్షరాలనే. అందుకే బొమ్మలోని ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతారు. 300 కేబీ బొమ్మ 400 కేబీ దాటేది అందుకే. రాతకూ బొమ్మకూ లంకె వేసే పద్ధతి 1998లో స్థిరపడింది.

ఆ లంకె చూస్తే నాకు మా చిటికి (ఇక్కత్) పని గుర్తొస్తుంది. నూలు మీద ముందే కట్టిన గుర్తు మగ్గమెక్కాక తన చోట పడాలి. ఇక్కడ ప్రతి బొమ్మ నెత్తిన కంటెంట్-ఐడీ అనే గుర్తు ఉంటుంది. రాతలో బొమ్మ రావలసిన చోట 'సీఐడీ:' అని పెట్టి అదే గుర్తు రాస్తారు. బ్రౌజర్‌కు హెచ్‌టీటీపీ చిరునామా తెలుసు గానీ ఇది ఎక్కడ వెతకాలో తెలియదు. రాతను మాత్రమే దాని ముందు పెట్టి, మిగతా భాగాలు మనమే దాచిపెట్టాం మరి. వెబ్‌మెయిల్ నడిపేవాళ్లు మధ్యలో నిలబడి, ఒక్కో గుర్తు తీసి బ్రౌజర్ అందుకోగల చిరునామా పెట్టాలి.

పని చిన్నదే, తప్పడం తేలిక. బొమ్మ నెత్తిన గుర్తు కోణపు బ్రాకెట్ల మధ్య ఉంటుంది, రాతలో ఆ బ్రాకెట్లు ఉండవు. అవి తీయకుండా పోల్చిన ప్రోగ్రాంకు రెండూ వేరనిపిస్తాయి, డబ్బా ఖాళీగా మిగులుతుంది. రాతలోని స్క్రిప్టులను ఏరేసే జల్లెడ కూడా కొన్నిసార్లు సీఐడీని తెలియని చిరునామా అనుకుని పీకేస్తుంది.

ఇంత తిప్పలెందుకు, బొమ్మను ఎక్కడో సర్వర్‌లో పెట్టి లింకు ఇస్తే సరిపోదా అంటారు. నాకు అది నచ్చదు. ఆ సర్వర్ మూతపడిన రోజు ఉత్తరంలో డిజైన్ ఉండదు, ఒప్పుకున్న రంగుకు సాక్ష్యమూ ఉండదు. పైగా మనం ఎప్పుడు తెరిచామో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. నెలల తరబడి మగ్గం మీద కూర్చునే మనిషికి తన ఆర్డర్ మొత్తం తన దగ్గరే ఉండాలి. అందుకే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా ఉత్తరాన్ని ఈఎంఎల్ ఫైలుగా దించి పెట్టుకొమ్మంటాను. బొమ్మలు దాని వెంటే వస్తాయి.